గుమ్మం దగ్గర ఊపిరి

పొద్దున్నే స్నానానికి వెళ్లబోతూ అద్దం ముందు నిలబడి నడుముకి టేపు చుట్టుకుంటున్న టైలర్, భార్య కంటపడ్డాడు. ఆమె గదిలోకి రాగానే టేపు చటుక్కున లాగి మెడలో వేసుకున్నాడు.

"ఎవరి కొలతలండీ?" అంది.

"ఎవరివీ కావు. టేపు సాగిందేమోనని చూస్తున్నా."

పెళ్లయినప్పటినుంచీ అతని పక్కన కూర్చుని గుండీలు కుడుతున్న మనిషికి చెప్పాల్సిన అబద్ధమేనా అది? టేపు సాగిందో లేదో నడుము మీద చూసుకునే టైలర్ ఎక్కడైనా ఉంటాడా? ఆమె ఆ మాటని కూడా తన అనుమానాల మూటలో వేసుకుని వంటగదిలోకి వెళ్లిపోయింది.

ఆ మూట అప్పటికే బరువుగా ఉంది. ఒకప్పుడు టైలర్ తాగి తాగి కాలేయం పాడుచేసుకున్నాడు. ఇక లాభం లేదని డాక్టర్లు చేతులెత్తేసే సమయానికి చెల్లెలు ముందుకొచ్చి తన కాలేయంలో సగం ఇచ్చింది. ఆపరేషనై ఇంటికొచ్చాక ఆలుమగలు నవ్వుకుంటూనే ఒక పద్ధతి పెట్టుకున్నారు. సాయంత్రం షాపు మూసి వచ్చాక గుమ్మం దాటే ముందు అతను ఆమె ముఖం మీదికి ఒకసారి ఊదాలి. వాసన లేకపోతేనే లోపలికి ప్రవేశం. "ట్రాఫిక్ పోలీసులు కూడా ఇంత శ్రద్ధగా ఊదించరమ్మా" అని పక్కింటావిడ ఏడిపించేది. టైలర్ కూడా బుగ్గలు పూరించి మరీ ఊదేవాడు.

ఈమధ్య ఆ ఊపిరిలో లవంగాల ఘాటు వస్తోంది. చొక్కాలు ఉతకబోతే జేబుల నిండా లవంగాలే. పూర్వం కూడా అంతే, సీసా వాసన దాచడానికి ఇదే ఎత్తు వేసేవాడు. దానికితోడు తిన్న వెంటనే పెరట్లో బాత్రూంకి వెళ్లి గడియ పెట్టుకుంటున్నాడు. లోపల పంపు ధారగా కారుతూనే ఉంటుంది. ఎందుకన్ని నీళ్లని అడిగితే చేతులు జిడ్డుగా ఉన్నాయంటాడు. ఆమె రెండుసార్లు బాత్రూమంతా వెతికింది. ఫ్లష్ ట్యాంకు మూత తీసి చూసింది, బకెట్ల వెనక తడిమింది. సీసా దొరకలేదు. దొరక్కపోయేసరికి మనసు కుదుటపడాల్సింది పోయి, ఇంకెక్కడ దాస్తున్నాడోనని రంధి పట్టుకుంది.

ఆ రోజు అతను షాపుకి వెళ్లాక ఆస్పత్రి నుంచి నర్సు ఫోన్ చేసింది.

"మొన్న పరీక్షకిచ్చిన ఆయన రక్తంలో మందు ఉండాల్సినంత లేదమ్మా. క్యాప్సూల్స్ సరిగ్గా వేసుకుంటున్నారా?"

"నా కళ్లముందే మింగుతున్నారు. నీళ్లు కూడా నేనే ఇస్తాను."

"మరి మందు ఎటు పోతున్నట్టు? ఇలాగే ఉంటే కొత్త కాలేయాన్ని ఒళ్లు ఒప్పుకోదమ్మా. తిప్పికొట్టేస్తుంది. రేపు తీసుకురండి."

ఆమె ఫోన్ పెట్టేసింది. మళ్లీ తాగుతున్నాడు, సందేహం లేదు. ఆ తాగుడే మందుని మింగేస్తోందని తనే తీర్మానించేసుకుంది. ఏడుపు, కోపం కలిసి తన్నుకొచ్చాయి. వెంటనే, కాలేయమిచ్చిన ఆడపడుచుకి ఫోన్ చేసింది.

మర్నాడు పొద్దున్నే ఆడపడుచు దిగింది. ఇంట్లో అందరూ చిట్టి అంటారు గానీ, సిటీ బస్సు స్టీరింగుని ఒంటిచేత్తో తిప్పేసే మనిషి. డ్యూటీ యూనిఫాంలోనే వచ్చింది. ఆమెని చూసి టైలర్ మొహం ఒక్క క్షణం పాలిపోయింది.

"ఏంటి చిట్టీ, ఇంత పొద్దున్నే? బస్సు దారి తప్పిందా?"

"నిన్ను చూడాలనిపించింది అన్నయ్యా. టిఫిన్ పెట్టించవా?"

ముగ్గురూ కూర్చున్నారు. టైలర్ కబుర్లు చెబుతూ, నవ్విస్తూ, అడిగి మరీ రెండోసారి వడ్డించుకున్నాడు. భార్య క్యాప్సూల్ అందించింది. సగం పసుపు, సగం తెలుపు. మింగాడు, నీళ్లు తాగాడు. కంచం పక్కకి నెట్టి, "చేతులు కడుక్కొస్తా" అని లేచాడు.

పెరట్లో గడియ పడింది. పంపు ధార మొదలైంది. వదినా ఆడపడుచులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"తలుపు తియ్యి!" బస్సు హారన్ కన్నా గట్టిగా అరిచింది చిట్టి. తలుపు దబదబా బాదింది. "సీసా పట్టుకుని బయటికి రా! నేను పొట్ట కోయించుకుని ఇచ్చింది, నువ్వు మళ్లీ తాగడానికా?"

పంపు ఆగింది. తలుపు తెరుచుకుంది. అతని కళ్లు ఎర్రబడి ఉన్నాయి, గడ్డం తడిగా ఉంది. నోట్లో అప్పుడే వేసుకున్న లవంగం.

"తాగలేదు చిట్టీ. ఒట్టు."

"ఊదు."

"వద్దే."

"ఊదుతావా లేదా?"

అతను తలదించుకుని ఊదాడు. మందు వాసన లేదు. లవంగం ఘాటు కింద పుల్లటి వాసన ఒకటి తగిలింది. ఆస్పత్రిలో అతని పక్కన ఎన్నాళ్లో పడుకున్న భార్యకి ఆ వాసన తెలుసు. ఆమె అతన్ని తోసుకుని లోపలికి వెళ్లింది. కాలవ మీద జాలీకి అంటుకుని, మెత్తబడి, పసుపూ తెలుపూ కలిసిపోయిన క్యాప్సూల్ కనిపించింది. వేళ్లతో తీసి అరచేతిలో పెట్టుకుని బయటికొచ్చింది.

"ఇదేంటండీ?"

టైలర్ దాన్ని చూశాడు. నిజంగానే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"మందు కూడా వచ్చేస్తోందా?" అన్నాడు పిచ్చివాడిలా. "నేను... తిన్నది మాత్రమే అనుకున్నా."

"తిన్నదెందుకు కక్కుకుంటున్నారు? నా వంట అంత విషంలా ఉందా?"

"నీ వంట కాదు." అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. "క్రితం సారి స్కాన్ చూసి డాక్టర్ గారు ఏమన్నారు? కొత్త కాలేయంలో కాస్త కొవ్వు చేరుతోంది, బరువు చూసుకోమన్నారు. ఆ మందులకి నా మొహం చూడు, గుమ్మడికాయలా అయింది. ముద్ద మింగితే చాలు, అది పోయి చెల్లి ముక్క మీద పేరుకుంటున్నట్టే ఉంటుంది. మొదట తినడం తగ్గించా. నువ్వు కనిపెట్టేస్తావని మళ్లీ తినడం మొదలుపెట్టా. తిన్నాక భయం ఆగదు. ఒకసారి కక్కితే ప్రాణం హాయిగా ఉండేది. ఇప్పుడు మానుదామన్నా నావల్ల కావట్లేదు."

"నన్ను అడగొచ్చుగా అన్నయ్యా!"

"నిన్నా? వార్డులో నువ్వేమన్నావే? నా ముక్క పాడుచేశావో, మళ్లీ కోసి లాక్కుంటానన్నావు."

కుట్ల నొప్పితో నవ్వలేక నవ్వుతూ చిట్టి అన్న మాట అది. వార్డంతా నవ్వింది, ఇతనూ నవ్వాడు. బస్సు నిండా జనం తిట్టినా చెక్కుచెదరని మనిషి, అన్న పక్కన మెట్టు మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది.

"అది నవ్వులాటరా అన్నయ్యా. ఇచ్చేశాక ఇంకా నాదెక్కడిది? అది నీ ఒంట్లో నీ తిండి తిని బతుకుతోంది. నువ్వు పస్తులుంటే దానికెవడు పెడతాడు?"

టైలర్ మొహం చేతుల్లో దాచుకున్నాడు. భార్య ఇంకా క్యాప్సూల్ పట్టుకునే నిలబడింది. ఇన్నాళ్లూ సీసా కోసం వెతికిందే తప్ప, మనిషి ఎందుకు చిక్కిపోతున్నాడో వెతకలేదు. అతని చొక్కాలు వదులైతే తనే పక్క కుట్లు లోపలికి వేసిచ్చింది.

"లేవండి, ఆస్పత్రికి వెళ్దాం. చిట్టీ, నువ్వూ రా."

డాక్టర్ తిట్టలేదు. ఇది మొండితనమూ కాదు, దొంగతనమూ కాదు, జబ్బేనని చెప్పాడు. ఆపరేషన్ అయినవాళ్లలో కొందరికి ఇలా తిండంటే భయం పట్టుకుంటుందన్నాడు. కొవ్వు గురించి తాను అన్నది కొంచెం నడవమనే గానీ, కడుపు మాడ్చుకోమని కాదన్నాడు. కాలేయం ఇంకా నిలబడే ఉంది, సమయానికే వచ్చారన్నాడు. మనసు డాక్టర్ దగ్గరికీ, ఆహారం సంగతి చూసే ఆవిడ దగ్గరికీ పంపించాడు.

ఒక్కరోజులో ఏదీ సర్దుకోలేదు. తిన్న తర్వాత టైలర్ కాళ్లు పెరటివైపే లాగేవి. భార్య అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒళ్లో గుండీల డబ్బా పెట్టేది. "ఈ చొక్కా అయ్యేదాకా లేవకూడదు" అనేది. ఒక్కో గుండీ లెక్కపెట్టుకుంటూ కుట్టేవాడు. కొన్నిసార్లు ఓడిపోయేవాడు. అప్పుడు దాచకుండా వచ్చి చెప్పేవాడు, ఆమె డాక్టర్‌కి ఫోన్ చేసేది. కొలతల టేపుని షాపులోనే వదిలి రావడం అలవాటైంది. గుమ్మం దగ్గర ఊదడం ఆమే మాన్పించేసింది.

ఒక సాయంత్రం ఆమె తలుపు తీసేసరికి అతను లోపలికి రాలేదు. మధ్యాహ్నం భోజనం పట్టుకెళ్లిన డబ్బా ఒక చేత్తో పట్టుకుని గుమ్మం అవతలే నిలబడ్డాడు.

"ఊదనా?"

"ఎందుకండీ? ఆ పద్ధతి తీసేశాంగా."

"ఈ ఒక్కసారి చూడవే."

బుగ్గలు పూరించి, మునుపటిలా ఊదాడు. మందు వాసన లేదు. లవంగం లేదు. పుల్లటి వాసన లేదు. పొద్దున తను వండి డబ్బాలో పెట్టిన కూర వాసన వచ్చింది. అంతే.

"ఏమొచ్చింది?" అన్నాడు, పరీక్ష రాసిన పిల్లాడిలా.

ఆమె కళ్లనీళ్లు తుడుచుకుంటూ డబ్బా అందుకుంది. ఖాళీగా, తేలిగ్గా ఉంది.

"కూరలో ఉప్పు కాస్త ఎక్కువైనట్టుందండీ" అంది.

"అవును, ఎక్కువైంది" అని అతను గుమ్మం దాటి లోపలికి వచ్చాడు.