కొరకని రొట్టె

హాసియత్‌ను తాష్కెంట్ చంపింది. తుర్గున్ ఈ సంగతి మీద ఎవరితోనూ వాదించేవాడు కాదు. పొద్దు తూర్పున పొడుస్తుందని చెప్పినట్టు చెప్పి ఊరుకునేవాడు. తన భార్య, నవ్వుతూ వెళ్ళిన మనిషి. సొంత చెల్లెలు షరాఫత్ ఆమెను ఆ అంతులేని వీధుల్లో గుండె ఆగేదాకా తిప్పింది. శవాన్ని వ్యాన్‌లో కనుమ దాటించి రిష్తాన్ దగ్గరి తమ ఊరికి తెచ్చారు. నలభయ్యో నాటి భోజనాలయ్యాక తుర్గున్ తనే కేటిల్ తీసుకుని మరదలి కప్పులో అంచుదాకా టీ పోశాడు. మర్యాద గల ఇంట్లో కప్పు అడుగున కొంచెమే పోస్తారు, మళ్ళీ మళ్ళీ పొయ్యడానికి. నిండు కప్పుకు ఒకటే అర్థం. తాగి లే. షరాఫత్ తాగకుండానే లేచింది. నాలుగేళ్ళయినా మళ్ళీ రాలేదు.

నవ్రూజ్ పండుగ దగ్గరపడుతోంది. పెరట్లో ఆప్రికాట్ చెట్లు పూశాయి. పొద్దున్నే చెక్క అరుగు మీద తుర్గున్, కొడుకు జవ్లాన్ టీకి కూర్చున్నారు. కోడలు మవ్లుదా ఆనవాయితీగా టీని మళ్ళీ కేటిల్లోకి తిరగబోసి, మామగారి కప్పులో కొంచెం వంచి, గుండె మీద చెయ్యి పెట్టి అందించింది. ఇచ్చి లోపలికి వెళ్ళిపోకుండా అక్కడే నిలబడింది. అప్పుడే తుర్గున్‌కు అర్థమైంది, ఏదో ఉందని.

"పండక్కి వరసగా సెలవులొచ్చాయి నాన్నా," అన్నాడు జవ్లాన్. "మేమిద్దరం తాష్కెంట్ చూసొద్దామనుకుంటున్నాం."

తుర్గున్ రొట్టె తుంచి టీలో ముంచాడు. "అక్కడ చూడ్డానికేముంది?"

"అదే చూసొద్దామని."

"నాతో పరాచికాలా?"

"లేదు నాన్నా. పెళ్ళయ్యాక మేం ఎక్కడికీ పోలేదు. షరాఫత్ పిన్ని రమ్మంటోంది. మీరు చేతులెత్తి దీవిస్తేనే వెళ్తాం. లేకపోతే లేదు."

అది బెదిరింపు కాదు, వినయం. అందుకే ఎక్కువ చిరాకేసింది. పెద్దవాళ్ళు అరచేతులు చాచి దీవించనిదే ఆ ఇంట్లో ఎవరూ పొలిమేర దాటరు. ఒక్కసారే దానికి భిన్నంగా జరిగింది. హాసియత్ వెళ్ళిన పొద్దున తుర్గున్ కావాలనే తోటలోకి పోయాడు. ఎవరికీ ఆ మాట ఎత్తే ధైర్యం లేదు.

వద్దని అప్పుడే చెప్పేయొచ్చు. కానీ కోడలి ముఖం చూస్తే, తన మాట ఒక్కటే చాలదనిపించింది. తనకు తెలిసిన దానికే సాక్షులు కావాలనిపించింది. "ఆ ఊరు పోదగ్గదో కాదో నలుగురినీ అడిగి చెబుతా," అని టోపీ పెట్టుకుని చాయ్‌ఖానాకు బయల్దేరాడు.

సాక్షులు దొరికారు గానీ ఒక్కడి మాటకూ ఇంకొకడి మాటకూ పొంతన లేదు. మంగలి తాలిబ్ అక్కడ మూడేళ్ళు పనిచేశాడు. అదంతా చెట్ల నీడేనని, ఎండ తల మీద పడదని చెప్పాడు. పుచ్చకాయల లారీ నడిపే ఇస్మత్ దానికి నవ్వి, నీడ సంగతి దేవుడెరుగు, తను లెక్కలేనన్నిసార్లు వెళ్ళినా బజారు వెనక లారీలు నిలిపే చోటు తప్ప ఇంకేమీ చూడలేదన్నాడు. కసాయి కుచ్కార్ ఒకసారి మేనల్లుడి పెళ్ళికి వెళ్ళాడట. పూటంతా నడిచినా అదే వీధి, అదే ఇల్లు, అదే కిటికీ, అసలు ఊరు ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిపోయిందో తెలియలేదని చెప్పాడు. అక్కడి జనం పలకరించరని ఒకడన్నాడు. దారి అడిగితే చెయ్యి పట్టుకుని ఇంటిదాకా దిగబెట్టారని ఇంకొకడన్నాడు. పలావులో వాళ్ళు కిస్‌మిస్ ఎక్కువేస్తారా తక్కువేస్తారా అనే దగ్గర మాట పెరిగి అసలు విషయం పక్కకు పోయింది.

తుర్గున్‌కు తల తిరిగింది. ఒకే ఊరి గురించి చెబుతున్నారా, నాలుగు ఊళ్ళ గురించా?

"మెట్రో మాత్రం చూడాలన్నా," అన్నాడు తాలిబ్. "భూమి కింద పెళ్ళికూతురి గదిలా ఉంటాయి ఆ స్టేషన్లు."

కుచ్కార్ పకపకా నవ్వాడు. "ఆయనకా చెబుతున్నావు? ఇదే అరుగు మీద కూర్చుని ఈయనే కదరా అన్నాడు, భూమి కిందికి ఎలాగూ ఒకసారి పోతాం, టికెట్టు కొనుక్కుని ముందే పోవడమెందుకని. హాసియత్ వదిన మెట్రో ఎక్కుదాం రమ్మని అడిగినప్పుడు..."

అతని నవ్వు సగంలో ఆగింది. అందరూ కప్పుల్లోకి చూసుకున్నారు. తుర్గున్ లేచి, చెప్పులేసుకుని, ఇంటిదారి పట్టాడు.

గదిలోకి అడుగుపెట్టగానే మేకు కనిపించింది. ఉత్త మేకు.

ఆ మేకుకు నాలుగేళ్ళుగా తెల్లగుడ్డ మూట వేలాడుతుండేది. దూరప్రయాణం వెళ్ళేవాళ్ళు గడప దగ్గర కొత్త రొట్టె ఒక్క కొరుకు కొరికి ఇస్తారు. మిగిలింది ఇంట్లో వేలాడుతుంది. తిరిగొచ్చి తినాల్సింది వాళ్ళే. అందుకోసమైనా వస్తారని. హాసియత్ రొట్టెను పక్షులకు వెయ్యమని ఊళ్ళో ఆడవాళ్ళు చాలాసార్లు చెప్పారు. తుర్గున్ ఒప్పుకోలేదు. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు, తనూ విప్పి చూడలేదు.

మవ్లుదా పండక్కి గోడలకు సున్నం వేస్తోంది. మోచేతులదాకా తెలుపు. మూట గదిలోని అరుగు మీద, శుభ్రమైన పళ్ళెంలో ఉంది.

"దించమని నీకెవరు చెప్పారు?"

"సున్నం ఆరాక మళ్ళీ అక్కడే పెడతాను మామయ్యా."

"కొరికిన మనిషే వచ్చి దించాలది."

"అత్తయ్య రారు మామయ్యా."

"రాకుండా చేసిందెవరు? ఆ ఊరు. ఆ ఊరికే నువ్వు ముస్తాబై బయల్దేరావు. మీ అత్తను తిప్పి తిప్పి చంపిన దాని ఇంట్లోనే దిగుతావు. నీకు కొంచెమైనా సిగ్గుందా?"

జవ్లాన్ పెరట్లోంచి పరుగెత్తుకొచ్చాడు. తండ్రికీ భార్యకూ మధ్య నిలబడి, ఎవరి వైపు తిరగాలో తెలియక చీపురు చేతిలోకి తీసుకున్నాడు. మళ్ళీ పెట్టేశాడు. మవ్లుదా ఆ ఇంటికొచ్చాక ఒక్కసారీ గొంతు పెంచలేదు. ఇప్పుడూ పెంచలేదు. చేతులు కడుక్కుని, తుడుచుకుని, అరుగు మీద కూర్చుని మూట ముడి విప్పింది.

పైన ఒక రొట్టె, అంచున చిన్న కొరుకు. దాని కింద ఇంకొక రొట్టె. గుండ్రంగా, చెక్కు చెదరకుండా.

తుర్గున్ వంగి చూశాడు. "ఇదేంటి?"

"మీది."

అతనికి అర్థం కాలేదు. మవ్లుదా తల దించుకునే చెప్పింది.

"వెళ్ళే రోజు అత్తయ్య రెండు కాల్చారు. ఒకటి తను కొరికారు. రెండోది నా చేతికిచ్చి, 'జవ్లాన్ వాళ్ళ నాన్న రెండు రోజులు అలుగుతాడు. ఆ తర్వాత బస్సు ఎన్నింటికని అడుగుతాడు. అప్పుడు ఇది కొరికించి పంపు' అన్నారు."

"మరి ఇవ్వలేదేం?"

"మీరు అడగలేదు."

జవ్లాన్ ఇటు తిరిగి నిలబడ్డాడు. అతనికీ ఈ సంగతి తెలియదు.

హాసియత్ రోజూ ఫోన్ చేసేదట. కుశలం కూడా అడక్కుండా, 'అడిగాడా?' అనేదట. తోటలో ఉన్నారని మవ్లుదా చెప్పేది. తుర్గున్ పక్కగదిలోనే ఉండేవాడు, తాష్కెంట్‌ను తిడుతూ. ఆ తిట్లు వినిపించకూడదని ఆమె ఫోన్ పట్టుకుని కొట్టంలోకి పోయేది. ఆ తర్వాత ఒక రోజు ఫోన్ వచ్చింది, కానీ చేసింది హాసియత్ కాదు. రెండు రొట్టెలనూ ఒకే గుడ్డలో కట్టి మేకుకు తగిలించింది మవ్లుదాయే.

"చెప్పి ఉండాల్సింది," అన్నాడు తుర్గున్.

"ఏ మొహం పెట్టుకుని చెప్పను మామయ్యా? మీరు ఎవరో ఒకరి మీద కోపంతో బతుకుతున్నారు. అది కూడా లేకపోతే ఏమైపోతారో అని భయమేసింది."

తుర్గున్ చాలాసేపు పళ్ళెం ముందు కూర్చున్నాడు. తప్పు కోడలిదా? ఆలోచిస్తే కాదు. కుచ్కార్‌దా? వాడు జోకు గుర్తుపెట్టుకున్నాడంతే. షరాఫత్‌ది కచ్చితంగా. కానీ తను వస్తాడని ఎదురుచూసే మనిషి చెల్లెలి వెంట అన్ని వీధులు తిరుగుతుందా? అక్కడికొచ్చేసరికి బుర్ర ఆగిపోతోంది. మళ్ళీ మొదటి నుంచి ఆలోచిస్తే మళ్ళీ అక్కడే ఆగుతోంది.

చివరికి టీ తెమ్మన్నాడు. రెండో రొట్టె అంచును టీలో ముంచి పట్టుకున్నాడు. అది రాయిలా ఉంది. టీ చల్లారింది. ఇంకో కప్పు తెచ్చారు. అదీ చల్లారింది. అప్పుడు బంగారు తొడుగులున్న పళ్ళతో గట్టిగా కొరికాడు. చిన్న ముక్క విరిగింది. దాన్ని నములుతూనే కొడుకుతో అన్నాడు:

"మూడు టికెట్లు తియ్యి."

రైలు కొండ సొరంగం దాటింది. తాష్కెంట్ వచ్చిందన్నారు. ఆ తర్వాత కూడా చాలాసేపు వస్తూనే ఉంది. దిగి కారెక్కితే అదే వెడల్పు వీధి, అవే చెట్లు, అవే కిటికీలు. తాలిబ్ చెప్పింది నిజమే. కుచ్కార్ చెప్పిందీ నిజమే. షరాఫత్ ఉండే చిలాంజార్ పేటలో అన్నీ ఒకే రకం ఇళ్ళు, గోడల మీద నంబర్లు. ముందు తప్పు ఇంటి తలుపు కొట్టారు. ఆ ఇంటామె ఎవరో తెలియకపోయినా లోపలికి రమ్మని, టీ తాగి వెళ్ళమని పట్టుబట్టింది. ఈ ఊరి మనుషులు మంచివాళ్ళో కాదో తుర్గున్ తేల్చుకోలేకపోయాడు.

షరాఫత్ జుట్టు పూర్తిగా నెరిసింది. బావగారిని చూసి గుమ్మంలో కాసేపు నిలబడిపోయింది. తర్వాత పక్కకు జరిగి దారిచ్చింది. అందరినీ కూర్చోబెట్టి, తుర్గున్ ముందు కప్పు పెట్టి, కేటిల్ వంచింది. అతను ఆ కప్పునే చూస్తున్నాడు. ఎంతవరకు పోస్తుందో.

అడుగు తడిసేంత పోసి ఆపింది.

తుర్గున్ కప్పు అందుకోలేదు. నాలుగేళ్ళ తర్వాత ఆమెతో మొదటి మాట అడిగాడు. "ఎక్కడెక్కడ తిప్పావు దాన్ని?"

"ఎక్కడికీ తిప్పలేదు బావగారూ. అదిగో, ఆ బాల్కనీలోంచి అక్క కదిలితే కదా. అక్కణ్ణుంచి బస్టాపు కనిపిస్తుంది. ఎక్కడికి రమ్మన్నా 'ఆయనొచ్చాక' అనేది. మెట్రో మీదే మనసంతా. కానీ కదిలే మెట్లంటే భయం. నా చెయ్యి పట్టుకోవే అంటే, 'నీ చెయ్యి ఎందుకు, ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని దిగుతా. ఆయన దగ్గర భయపడితే పరువు పోదు' అంది. ఆ పొద్దున కూడా అక్కడే కూర్చుంది. టీ తీసుకెళ్ళేసరికి..."

"మరి ఈ మాట అప్పుడే నాకు చెప్పలేదేం?"

"మీరు కప్పు నిండా పోశారు కదా."

బయట బస్సు ఆగి వెళ్ళిన చప్పుడు వినిపించింది. తుర్గున్ అటు తల తిప్పలేదు. ఊరు చంపలేదు. షరాఫత్ చంపలేదు. ఇన్నాళ్ళూ చేత్తో పట్టుకున్నదేదో ఎవరో లాగేసుకున్నట్టుంది. ఇప్పుడు ఆ కోపాన్ని ఎక్కడ పెట్టాలో అతనికి తెలియలేదు. కప్పు తీసుకుని తాగాడు. షరాఫత్ మళ్ళీ కొంచెం పోసింది.

మర్నాడు నలుగురూ మెట్రోకు వెళ్ళారు. కదిలే మెట్ల దగ్గర తుర్గున్ ఆగాడు. నిజంగానే భయమేసేలా ఉన్నాయి, భూమిలోకి జారిపోతూ. అతను మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. ఎడమ మోచెయ్యి ఒంటికి కొంచెం ఎడంగా పెట్టి, అలాగే నిలబడ్డాడు. ఎవరికో పట్టు ఇచ్చినట్టు. వెనక మెట్టు మీదున్న జవ్లాన్ ఆ చెయ్యి పట్టుకోబోయాడు. మవ్లుదా భర్త చొక్కా పట్టి వెనక్కు లాగింది.

కిందికి చేరాక తుర్గున్ పక్కకు జరగలేదు. మెట్ల చివరనే నిలబడిపోయాడు. జనం అటూ ఇటూ తప్పుకుని పోతున్నారు. వెంట వచ్చిన ముగ్గురూ ముందు ఆయన దారి మరిచాడనుకున్నారు. తర్వాత భుజాలు చూశారు. హాసియత్ పోయిన రోజు కూడా ఏడవని మనిషి. ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. షరాఫత్ దగ్గరికొచ్చి, ఆయన చొక్కా చెయ్యి చివర వేళ్ళతో పట్టుకుంది.

"నాకు ఈ జనంలో భయంగా ఉంది బావగారూ. నడవండి," అంది, ముప్పై ఏళ్ళుగా ఆ ఊళ్ళో ఉంటున్న మనిషి.

ఆయన నడిచాడు. ఆ లైను చివరి స్టేషన్‌దాకా వెళ్ళి, అదే రైల్లో వెనక్కొచ్చారు. స్టేషన్లు పెళ్ళికూతురి గదుల్లా ఉన్నాయో లేవో అతను చూసినట్టు లేదు.

తిరిగొచ్చాక తుర్గున్ తన రొట్టె మిగతాదంతా రోజూ కొంచెం టీలో నానబెట్టి తిన్నాడు. ఒక్క తునక కూడా వదల్లేదు. హాసియత్ రొట్టెను మవ్లుదా ఉతికిన గుడ్డలో కట్టి తెచ్చింది. తెల్లటి గోడకు, అదే మేకుకు అతనే తగిలించాడు. తర్వాతి పండక్కి షరాఫత్‌ను పిలవమని కొడుకుతో అన్నాడు.

చాయ్‌ఖానాలో అందరూ కాచుకుని ఉన్నారు. తాలిబ్, ఇస్మత్ చోటిచ్చి కూర్చోబెట్టారు. కుచ్కార్ ముందుకు జరిగాడు.

"చెప్పన్నా. ఇంతకీ ఆ ఊరు పోదగ్గదేనా, కాదా?"

తుర్గున్ ఏదో అనబోయాడు. పోదగ్గదే అనడానికి నోరు రాలేదు. కాదనడానికీ రాలేదు.

"ఆ సంగతి ఇంకెప్పుడూ నా నోట వినరు," అన్నాడు.

కేటిల్ తీసుకుని, ఆ ప్రశ్న ఇక చాలన్నట్టు, కుచ్కార్ కప్పులో అంచుదాకా టీ పోశాడు.