అత్తమ్మ పక్క సీట్లో

“దిగు లతా! నీతోని కాదు... బండి దిగు!”

శ్రీకాంత్ అరుపుకి స్వర్ణలత చేతులు స్టీరింగు మీదే బిగుసుకుపోయాయి. మహేశ్వరం దారిలో, వాళ్ళ ఇంటి వెనకే ఇళ్ళ ప్లాట్లకని వేసిన కొత్త వెంచరులో, హద్దురాళ్ళ మధ్య చిన్న ట్రాలీ బండి అడ్డంగా ఆగిపోయి ఉంది. ఆ ఉదయం అలా ఆగిపోవడం ఎన్నోసారో! క్లచ్ మీంచి కాలు తీయగానే బండి కప్పలా ముందుకు దూకడం, రెండుసార్లు దగ్గడం, ప్రాణం పోయినట్టు ఆగిపోవడం... అది దూకిన ప్రతిసారీ పక్కనున్న భర్త నడుము పట్టుకుని పళ్ళు బిగపట్టడం ఆమె చూస్తూనే ఉంది. అయ్యో, నా వల్లే ఆయనకు నొప్పి అనుకునేసరికి కాలు ఇంకా వణికేది. వణికే కాలితో బండి ఇంకా ఎగిరేది!

“స్కూటీ అనుకున్నవా ఇది? దానికి గేర్లుంటయా? ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కుతలేదు. నిన్ను నమ్ముకుంటే మన లైను పోయినట్టే!”

స్వర్ణలత కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. పెళ్ళయిన నాటి నుంచి తనని ఒక్క మాట అనని మనిషి! ఇప్పుడేమిటి ఇలా...

కాటేదాన్‌లోని ఒక బేకరీ నుంచి శంషాబాద్ చుట్టుపక్కల హోటళ్ళకీ, హాస్టళ్ళకీ, టీ కొట్లకీ రోజూ రొట్టెలు చేర్చే లైను శ్రీకాంత్‌ది. ఎయిర్‌పోర్టులో డ్యూటీ దిగిన వాళ్ళు చాయ్‌లో ముంచుకునే బన్ను చాలావరకు అతని బండిలో వచ్చిందే. వానాకాలం మొదట్లో ట్రేలు మోస్తూ తడిసిన మెట్ల మీద జారిపడ్డాడు. వెన్నులో పూస పక్కకి జరిగింది. దసరా దాటేదాకా స్టీరింగు ముట్టొద్దని దవాఖానలో గట్టిగా చెప్పారు. బేకరీ యజమాని మధు మంచివాడే. తాత్కాలికంగా వేరే బండినీ, డ్రైవరునీ పెట్టాడు. “మీ ఇంటి నుంచి ఎవరన్న వస్తే లైను మీదే అన్నా. లేకుంటే నేను మాత్రం ఎన్ని రోజులని ఆగుత?” అన్నాడు. ఇంట్లో ఇంకెవరున్నారు? “నేను నేర్చుకుంట” అని స్వర్ణలతే ముందుకొచ్చి, ఎల్‌బోర్డు తెచ్చి బండికి కట్టింది.

ఇంటికొచ్చి వంటింట్లో గోడకానుకుని వెక్కివెక్కి ఏడుస్తున్న కోడలిని చూసి, అమృతమ్మ చేతిలోని చిక్కుడుకాయల చాట కింద పెట్టింది.

“ఏమైంది బిడ్డా?”

“నాతోని కాదు అత్తమ్మా! ఆయన అన్నది నిజమే... ఆ బండి నా మాట వినది. నా మూలాన ఆయన నడుము ఇంక ఖరాబైతున్నది!”

అమృతమ్మ కొంగుతో కోడలి కళ్ళు తుడిచి, చరచరా ముందుగదిలోకి నడిచి, మంచం మీదున్న కొడుకు ముందు చెయ్యి చాచింది.

“తాళంచెవి ఇయ్యి. రేపటి సంది లత పక్కన నేను కూసుంట.”

“నువ్వా? బండి గురించి నీకేం తెలుసమ్మా?”

“ఏం తెల్వదు! నాకూ తెల్వదు, దానికీ తెల్వదు. ఇగ ఎవలు ఎవల్ని తిడుతరు? నడుము నొప్పి పెట్టుకొని నువ్వు ఇంట్ల పండుకో!”

మర్నాడు పొద్దున్నే అమృతమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, ఎక్కడానికి రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారి కోడలి చెయ్యి పట్టుకుని పక్క సీట్లోకి చేరింది. స్వర్ణలత బండి స్టార్ట్ చేసింది. క్లచ్ వదిలింది. బండి ఎప్పటిలాగే ఎగిరి దూకి ఆగిపోయింది! ఆమె భయంగా కళ్ళు మూసుకుంది... అరుపు రాలేదు. కిలకిలమని నవ్వు వినిపించింది!

“అబ్బ! రంగులరాట్నం తీర్గ ఉన్నదే లతా! మళ్ల పెట్టు బిడ్డా.”

ఎన్నిరోజుల తర్వాతో స్వర్ణలత కూడా నవ్వింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఆగింది. మళ్ళీ ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వుల్లో ఎప్పుడో భుజాల బిగువు సడలింది, కాలి వణుకు పోయింది. అప్పుడు మొట్టమొదటిసారి ఆమెకి ఇంజను చప్పుడు వినిపించింది! ఇన్నాళ్ళూ భర్త గొంతు తప్ప ఇంకేదీ చెవిన పడలేదు మరి. కాలు మెల్లగా, మెల్లగా పైకి తీస్తుంటే ఒకచోట ఆ చప్పుడు బరువెక్కుతోంది... బండంతా సన్నగా అదురుతోంది... ఆమె కాలు అక్కడే నిలిపింది. బ్రేకు వదిలింది. బండి కదిలింది! కుదుపు లేకుండా, గంతు లేకుండా, నీళ్ళ మీద జారినట్టు ముందుకు సాగింది!

“పోతున్నది! లతా, పోతున్నదే!” అమృతమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి, వెంచరులో గొర్రెలు మేపుతున్న అవ్వకు వినపడేలా కేకేసింది. “సూడుర్రి, మా కోడలు బండి నడుపుతున్నది!”

ఆపైన రోజూ అదే పని. రెండో గేరు, మూడో గేరు, మలుపులు, వెనక్కి తీయడం... ఒక సాయంత్రం వాళ్ళు తిరిగి వచ్చేసరికి ప్రహరీగోడ పట్టుకుని శ్రీకాంత్ నిలబడి చూస్తున్నాడు. అతని ముఖంలో సంతోషమో బాధో తెలియడం లేదు.

అమృతమ్మ బండి దిగి నేరుగా అతని దగ్గరికే వెళ్ళింది. “కొడకా, ట్రాక్టరు నేర్చిన దినం యాది ఉన్నదా? మన పక్కింటి పెంటయ్య కొట్టం గోడ కూలగొట్టినవ్. మీ బాపు నిన్ను ఒక్క మాటన్న అన్నడా? ఇటుకలు తెచ్చి, గోడ కట్టిచ్చి, తెల్లారి మళ్ల నిన్నే ఎక్కిచ్చిండు!”

శ్రీకాంత్ తల దించుకున్నాడు. “అది కాదమ్మా... మంచంల పడ్డోన్ని. లత కూడ బండి నేర్చుకుంటే ఇగ ఈ ఇంట్ల నాతోని పనేంది అనిపించింది. లోపటి భయం నోట్లకెల్లి తిట్టై వచ్చింది...”

స్వర్ణలత గుండె కరిగిపోయింది! పరుగున వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

“గట్ల అనకు! నీ జాగ గుంజుకునేతందుకు నేర్చుకుంటున్ననా? నువ్వు లేచొచ్చేదాక ఆ జాగ వేరేటోళ్ళకు పోవద్దనే గద నా తండ్లాట!”

అతను కళ్ళు తుడుచుకున్నాడు. చిన్నపిల్లాడిలా అడిగాడు. “ఎత్తు మీద బండి వెనకకు పోకుండ ఎట్ల ఆపాల్నో జర నేను చెప్పనా? ఈడ్నే నిలబడి చెప్త... తిట్టను.”

ముగ్గురూ ఒక్కసారే నవ్వేశారు!

లైసెన్సు చేతికొచ్చాక మధు తనే స్వయంగా పక్కన కూర్చుని పరీక్ష పెట్టాడు. బండి నిండా వేడివేడి బన్నుల ట్రేలు. ఫ్లైఓవరు ఎక్కుతుండగా ముందున్న కారు ఆగింది. వెనకాల బస్సు హారను మోత! స్వర్ణలత హ్యాండ్‌బ్రేకు లాగింది. చెవి ఇంజను మీదే పెట్టింది. చప్పుడు బరువెక్కింది, బండి అదిరింది, ఆమె బ్రేకు వదిలింది... ఒక్క అంగుళం వెనక్కి జారకుండా బండి ఎత్తెక్కింది! హోటల్ ముందు దిగి, ట్రేలన్నీ తెరిచి చూసిన మధు అక్కడి నుంచే శ్రీకాంత్‌కి ఫోన్ చేశాడు.

“ఒక్క బన్ను నలగలే అన్నా! అక్క చెయ్యి మస్తున్నది. లైను మీదే!”

ఫోన్‌లోంచి అమృతమ్మ కేకలు స్వర్ణలతకి కూడా వినిపించాయి. ఆమె బండికి ఆనుకుని నవ్వుతూ ఏడ్చింది...

దసరా వెళ్ళాక, కాస్త దూరం బండిలో కూర్చోవచ్చని డాక్టరు చెప్పిన రోజున శ్రీకాంత్ ఆమెతో బయలుదేరాడు. ఏమంటాడో అని మొదట ఆమె బెదిరింది. అతను మాత్రం సీటుకి ఆనుకుని, కిటికీలోంచి గాలి పీలుస్తూ కూర్చున్నాడు. దారిలో గేదెల మంద రోడ్డుకి అడ్డం వస్తే, ఆమె గేరు తగ్గించుకుంటూ బండిని మెల్లగా ఆపి భర్త వైపు తిరిగింది.

అతను నిద్రపోతున్నాడు! నొప్పితో ఎన్ని నెలలుగానో కంటి మీద కునుకు లేని మనిషి, నోరు కొద్దిగా తెరుచుకుని, పసివాడిలా ఆదమరిచి నిద్రపోతున్నాడు!

స్వర్ణలత హారను కొట్టలేదు. చిట్టచివరి గేదె రోడ్డు దాటేదాకా ఓపికగా ఆగింది. తర్వాత ఫస్టు గేరు వేసి, అతని నిద్ర చెదరకుండా, మెల్లగా బండి కదిలించింది.