సాఫ్ చేసిన చెవి

నాకు అక్షరాలు వచ్చింది ఆలస్యంగా. ఒత్తులు తప్పుతాయి, రాత నత్తలా నడుస్తుంది, మన్నించండి. ఈ కథలో కోపం మాత్రం తప్పుల్లేకుండా రాశాననుకుంటున్నాను.

కరీంనగర్‌లో ఆ రోజు వాన. మందమర్రి నుంచి బస్సెక్కి వచ్చిన భవ్యశ్రీ ఫ్లెక్సీల దుకాణంలోకి విసురుగా దూరింది. నెత్తి మీది నీళ్లు కూడా తుడుచుకోలేదు.

"అన్నా, నా చెవు యాడ వెట్టినవ్?"

కంప్యూటర్ ముందున్న శ్రీహరి బిత్తరపోయాడు. "చెవేంది మేడం?"

ఆమె జుట్టు వెనక్కి తోసి కుడి చెవి చూపింది. ఏళ్ల తరబడి కుస్తీలో నలిగి నలిగి, బూరెలా ఉబ్బి గట్టిపడిన చెవి. ఆ చెవితోనే మొన్న పరాయి దేశంలో ఫ్రీస్టైల్ పోటీల్లో కంచు పతకం గెలిచి వచ్చింది. మందమర్రిలో నాయకులు ఈ దుకాణంలోనే చేయించిన స్వాగతం ఫ్లెక్సీ కట్టించారు. నాయకుల ముఖాలు చాటలంత, గెలిచిన పిల్ల ముఖం చిప్పంత! ఆ చిప్పలో కూడా చెవి నున్నగా, సినిమా హీరోయిన్ చెవిలా ఉంది.

"ఫోటో ఖరాబైందనుకొని జర సాఫ్ చేసిన."

"సాఫ్ చేసేతందుకు అదేమన్న మసి మరకనా? నీ ఫ్లెక్సీ చూసి పిల్ల మస్తుగుందని సంబంధపోల్లు దిగిండ్రు. ఇంటికొచ్చినంక, 'గీ చెవుకు కమ్మలెట్ల నిలుస్తయ్? ఆపరేషన్ చేయించుండ్రి, ఆట బంద్ పెట్టుండ్రి' అన్నరు. మా రామవ్వత్త సరే అంటుంది. బాపు ఏం మాట్లాడ్తలేడు. ఆయన గిట్ల సరే అన్నడనుకో, వచ్చే నెల ప్రపంచ పోటీలకు పోయేది లేదు, నా ఆట ఖతం!"

శ్రీహరి లేచి నిలబడ్డాడు. "నీ కుస్తీ ఫోన్ల చూసిన మేడం. గా మంగోలియా పిల్ల నిన్ను కిందేసి అదుముతుంటే, వీపు ఆననియ్యకుంట నెత్తి నేలకానిచ్చి లేస్తివి సూడు... ఏడ్చిన."

"గంత చూసినోనివి, నెత్తి ఆనిచ్చినప్పుడు ఏం నలిగిందో కనవడలేదా?"

ఆమె తలుపు దఢాలున వేసి వెళ్లింది. వేసే ముందు ఒకసారి వెనక్కి చూసింది. కోపంగానే. కానీ చూసింది.

ఆ వారమే మందమర్రి బస్టాండు ముందు కొత్త ఫ్లెక్సీ లేచింది. అందులో ఒక్క నాయకుడూ లేడు. భవ్యశ్రీ ఒక్కతే, పక్కకు తిరిగి. సగం ఫ్లెక్సీ చెవే. కింద ఒకే మాట: "గీ చెవే మా సొమ్ము."

తల్లి లేని ఆమెను పెంచిన బాపు బుచ్చిరాములు బొగ్గుబాయి డ్యూటీ దిగి వస్తూ అక్కడ ఆగాడు. ఫ్లెక్సీ సంగతి విని వచ్చిన భవ్యశ్రీ, ఆయన చెల్లె రామవ్వ పక్కనే ఉన్నారు. చాలాసేపు చూసి, తన నొసటి మీది నీలపు మచ్చను తడుముకున్నాడు. బాయిలో బొగ్గు పెళ్ల తగిలి చర్మంలోనే ఉండిపోయిన మచ్చ అది.

"రామవ్వా, గీ మచ్చ సాఫ్ చేయించుకొమ్మని నన్నెవ్వడన్న అన్నడా? గీ మచ్చతోనే పెండ్లయింది, గీ మచ్చతోనే బువ్వ తిన్నం. సంబంధపోల్లకు ఫోన్ చేసి చెప్పు, నా బిడ్డ పోటీలకు పోతుందని." మళ్లీ పైకి చూశాడు. "గీ చెవు పెట్టినోడెవడు బిడ్డా? జర చాయకు రమ్మను."

"వస్తున్న కాకా!" ఫ్లెక్సీ వెనక నిచ్చెన మీద తాడు బిగిస్తున్న శ్రీహరి అన్నాడు. దిగుతూ గొంతు తగ్గించాడు. "భవ్యశ్రీ, మొన్న నన్ను అన్నా అన్నవ్. గదొక్కటి సాఫ్ చెయ్యరాదు?"

ఆమె నిచ్చెన కాలు పట్టుకుంది. "చేస్తగని, మల్ల నా చెవు ముట్టినవంటే నిచ్చెన గుంజుత."

"ఎన్నటికీ ముట్టద్దా?"

"మెడల్ తెచ్చినంక చెప్త," అంది, బూరె చెవి దాకా ఎర్రబడి.

— దేవవ్వ, అరవై ఏడేళ్లు. ఇప్పుడు ఉంటున్నది బెల్లంపల్లిలో.