ఎంక్వైరీగారి కొత్త వరండా

ఆ పొద్దున వరండా కప్పు నుంచి ఒక పెచ్చు ఊడి, ఇంకెక్కడా చోటు లేనట్టు సరిగ్గా ఎంక్వైరీగారి భార్య కాఫీ గ్లాసులో పడింది. ఆవిడ గ్లాసులోకి చూసింది, కప్పుకేసి చూసింది, చివరికి పేపరు వెనకాల ఉన్న భర్తకేసి చూసింది.

“ఏమండీ, చూశారా?”

“ఊఁ.”

“ఏం చూశారు?”

“ఊఁ.”

ఆయన రైల్వే స్టేషన్లో ఎంక్వైరీ కౌంటర్ వెనకాల ముప్ఫై మూడేళ్ళు కూర్చుని, నెల క్రితమే రిటైరయ్యారు. ఊళ్ళో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. చిన్నా పెద్దా అందరికీ ఆయన ఎంక్వైరీగారే. రైలు ఎప్పుడొస్తుందని అడిగితే ఆ ఒక్క ముక్కా చెప్పి ఊరుకునే మనిషి కాదు. ఏ పెట్టె ఎక్కడ ఆగుతుందో, ఏ పక్క కిటికీలో ఎండ పడదో, మంచినీళ్ళు ఎక్కడ పట్టుకోవాలో కూడా చెప్పి పంపేవారు. ఆ మాటలన్నీ స్టేషన్ గేటు దగ్గరే అయిపోయేవి. ఇంటికొచ్చేసరికి ఆయన దగ్గర మిగిలేది ఒక్క ‘ఊఁ’. దాంతోనే ఒక కూతుర్ని పెంచారు, చదివించారు, పెళ్ళి కూడా చేశారు.

సాయంత్రం ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే ఆవిడ ఉప్పేసిన వేణ్ణీళ్ళ గ్లాసు చేతికిచ్చేది. రిటైరయ్యాక గుమ్మంలోకి వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. అయినా ఆరు కొట్టేసరికి గ్లాసు వస్తూనే ఉంది. అది ఎప్పుడు, ఎందుకు మొదలైందో ఆవిడకే గుర్తులేదు.

ఇల్లు వాళ్ళు కొన్ననాటికే పాతది. వరండా అయితే మరీను. నేల ఎంత వాలిపోయిందంటే, కుర్చీలో కూర్చుని నిమ్మకాయ జారవిడిస్తే మెట్లు దిగి గేటు దాకా వెళ్ళేది. ఇనప కటకటాలు తుప్పుపట్టాయి. స్తంభాలకు వేసిన రంగు ఏ రంగో చెప్పగలిగినవాళ్ళు లేరు. ఆవిడ ఇన్నేళ్ళూ వాటి జోలికి పోలేదు. ఆయన రిటైరయ్యాక చేయిద్దామని దాచిపెట్టుకుంది. వరండా బాగుచేయించాలి, ఎదురెదురుగా రెండు కుర్చీలు వేయించాలి, సాయంత్రాలు ఇద్దరూ కూర్చుని కబుర్లు చెప్పుకోవాలి. జీవితంలో ఆవిడ గట్టిగా కోరుకున్నది అదొక్కటే.

కాఫీ పారబోసి, పాత క్యాలెండరు కాగితం వెనక బొమ్మ గీసి తెచ్చింది.

“అమ్మాయి ఇల్లు మారుతోంది, సాయానికి వెళ్తున్నాను. పది రోజుల్లో వస్తాను. ఈలోగా మేస్త్రీనీ వడ్రంగినీ పిలిచి దీనికో రూపం తెప్పించండి. ఇదిగో, ఇవి రెండు కుర్చీలు. మధ్యన చిన్న బల్ల. ఈ స్తంభానికి తీగ. గోడలకి లేత పసుపు. అర్థమైందా?”

“ఊఁ.”

ఆ ‘ఊఁ’ని నమ్మడం ఆవిడ చేసిన పొరపాటు.

ఎంక్వైరీగారు చిత్తశుద్ధిగానే మొదలుపెట్టారు. బొమ్మని వడ్రంగి ముందు పరిచి, ఎగిరిపోకుండా మీద టీ గ్లాసు పెట్టారు. నేల సరిచేయించారు. కప్పు గీకించి పూత పూయించారు. అక్కడిదాకా బాగానే ఉంది.

“రెండు కుర్చీలే వేస్తే, నలుగురొస్తే ఎక్కడ కూర్చుంటారయ్యా?” అన్నారు.

“బెంచీ చేద్దాం సార్. గోడ పొడుగునా.”

“అదీ మాట! ఈ మూల నా కుర్చీ. వీధి దుమ్మంతా మొహాన కొట్టకుండా దీనికో అడ్డం కట్టాలి.”

“ఛాతీ ఎత్తున చెక్క, దాని మీద అద్దం పెడదాం.”

“పెట్టు. మరి అవతలి వాళ్ళ మాట నాకు వినపడొద్దూ?”

“అద్దానికి కింద అర్ధచంద్రంలా ఓ కన్నం కోస్తాను సార్.”

“ఆ కన్నం ముందు ఓ పలక వెయ్యి. చేతులు ఆనించుకోడానికి.”

గోడలకి కింద సగం నీలం, పైన సగం తెలుపు వేయించారు. ఇదేమిటని మేస్త్రీ అడిగితే, జనం ఆనుకున్నా మరకలు కనపడవన్నారు. ఏ జనమో మేస్త్రీ అడగలేదు, ఆయనా ఆలోచించలేదు. ఎదురుగోడకి పెద్ద గడియారం తగిలించి, తలుపు దగ్గర నిలబడి చూసుకుంటే ఆయన కడుపు నిండిపోయింది. ఎందుకో తెలియదు గానీ, నెల రోజుల తర్వాత ఆ రోజే ఆయనకి కంటినిండా నిద్రపట్టింది.

పదకొండో రోజు ఆవిడ ఆటోలో దిగబోయి ఆగిపోయింది.

“ఇక్కడ కాదు నాయనా, ఇదేదో ఆఫీసులా ఉంది. ఇంకాస్త ముందుకి పోనీ.”

“మీరు చెప్పిన నంబరు ఇదేనమ్మా,” అన్నాడు ఆటో అతను.

ఆవిడ గేటు తీసుకుని మెట్లెక్కింది. బెంచీ మీద ఎవరో ఒళ్ళో సంచీ పెట్టుకుని కునికిపాట్లు పడుతున్నాడు. గడియారం టిక్కుటిక్కుమంటోంది. మూలన అద్దం వెనకాల ఆవిడ మొగుడు కళ్ళజోడు సవరించుకుంటూ కూర్చున్నారు, ఒళ్ళంతా సంతోషంతో.

“ఇదేమిటండీ?”

“ఊఁ,” అన్నారు ఆయన గర్వంగా.

“నా కుర్చీ ఏది?”

ఆయన బెంచీ చూపించారు. దాని మీద పదిమంది పడతారు. ఆవిడ లోపలికి వెళ్ళి కూతురికి ఫోన్ చేసింది. సంగతి విని కూతురు పడీపడీ నవ్వింది.

“నాన్న స్టేషన్ని ఇంటికి తెచ్చేసుకున్నారన్నమాట!”

“నవ్వకే. నాకు ఏడుపొస్తోంది.”

ఆ రోజు మొదలు జనం రావడం మానలేదు. బెంచీ, గడియారం, కన్నమున్న అద్దం, దాని వెనక కళ్ళజోడు పెట్టుకున్న పెద్దాయన. ఇన్ని చూశాక ఇదేదో ఆఫీసని ఎవరికైనా అనిపిస్తుంది. కొందరు బ్యాంకు ఎక్కడని అడిగారు. కొందరు పళ్ళ డాక్టరు ఎన్నింటికి వస్తాడని అడిగారు. ఎంక్వైరీగారు ఎవర్నీ కాదనలేదు.

“బ్యాంకా? ఎడమ పక్క మూడో సందు. కానీ ఇప్పుడు వెళ్ళకండి, భోజనాల వేళ. కాస్త కూర్చుని వెళ్ళండి. మీ చెప్పు తెగినట్టుందే, ఆ మలుపులోనే కుట్టే అతను ఉంటాడు,” అంటూ ఆయన మాట పొంగిపొర్లేది. అల్లుడు తనతో ఎందుకు మాట్లాడటంలేదో కనుక్కుందామని ఒక ముసలాయన వస్తే, ఆయనకి పూర్తిగా గంటసేపు కేటాయించారు. వెళ్ళేటప్పుడు ఆ ముసలాయన కళ్ళు తుడుచుకుంటూ రెండు చేతులా దణ్ణం పెట్టాడు.

తలుపు వెనక నిలబడి అంతా విన్న ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. ముప్ఫై మూడేళ్ళలో తనతో ఆడినన్ని మాటలు, చెప్పు తెగినవాడితో అయిదు నిమిషాల్లో ఆడేశారు. గొంతులో ఆ తీపి, ఆ ఓపిక, ఆ నవ్వు! ఇంత మంచి మనిషిని ఊరంతా అనుభవించి, ‘ఊఁ’ని మాత్రం తనకు పంపించింది.

మధ్యాహ్నం అన్నం దగ్గర ఆఖరి ప్రయత్నంగా అడిగింది.

“గ్యాస్ బండ ఎప్పుడొస్తుందంటారు?”

“ఊఁ.”

అంతే. ఆవిడ లేచింది. పెళ్ళిళ్ళకి కట్టుకునే చీర కట్టుకుంది. చేతిసంచీ భుజానికి తగిలించుకుంది. పెరటి తలుపు తీసుకుని, పక్కసందులోంచి చుట్టూ తిరిగొచ్చి, వీధి గేటు తీసుకుని వరండా మెట్లెక్కింది. బెంచీ మీద గొడుగుతో ఒకాయన ఉంటే, ఆయన పక్కన వరసలో కూర్చుంది. ఆవిడ వెనకే బుట్టతో వచ్చిన ఒకావిడ చివర్న సర్దుకుంది.

“మీకేం పనండీ?” అడిగాడు గొడుగాయన.

“ఒక మనిషి గురించి వాకబు చేయాలి.”

“అయితే దిగులుపడకండి. ఈ పెద్దాయన ఇట్టే చెప్పేస్తారు. ఎంత ఓపికనుకున్నారు! ఇలాంటాయనతో కాపురం చేసే ఆవిడది అదృష్టమండీ.”

“అవునట. అందరూ అంటుంటే వింటున్నాను.”

గొడుగాయన పని అయిపోయింది. ఆవిడ లేచి వెళ్ళి పలక మీద చేతులు ఆనించింది. ఎంక్వైరీగారు కాగితం మీద ఏదో రాసుకుంటూ, తల ఎత్తకుండానే, మృదువుగా అన్నారు.

“చెప్పండమ్మా.”

“మా ఇంట్లో ఒకాయన ఉండాలండీ. ఇంకా రాలేదు.”

“అలాగా. ఎప్పుడు బయల్దేరారమ్మా?”

“ముప్ఫై మూడేళ్ళయింది. పొద్దున్నే డబ్బా పట్టుకుని డ్యూటీకని వెళ్ళారు. సాయంత్రానికి చొక్కా వచ్చింది, చెప్పులొచ్చాయి, ఖాళీ డబ్బా వచ్చింది. మనిషి మాత్రం రాలేదు. రోజూ ఇలాగే. ఎంత ఆలస్యమో కనుక్కుని చెప్తారా? అసలు వస్తారో రారో చెప్పినా చాలు, ఎదురుచూడటం మానేస్తాను.”

ఎంక్వైరీగారి చేతిలో కలం ఆగిపోయింది. తల ఎత్తారు. అలాంటి కన్నంలోంచి ఇన్నేళ్ళలో ఎన్నో వేల మొహాలు చూశారు గానీ ఈ మొహం ఎప్పుడూ చూడలేదు. ఆవిడ కళ్ళనిండా నీళ్ళున్నాయి.

“నువ్వా? నువ్వేమిటి ఇక్కడ?”

“లోపల్నించి అడిగితే జవాబు రాలేదు. వరసలో వస్తే వస్తుందేమోనని వచ్చాను.”

వెనక బుట్టావిడ నోరు తెరుచుకుని వింటోంది. ఎంక్వైరీగారు రెండుసార్లు గొంతు సవరించుకున్నారు.

“నువ్వే కదే వద్దన్నావు,” అన్నారు చివరికి.

“నేనా! ఏం వద్దన్నాను?”

“మాట్లాడొద్దన్నావు. పెళ్ళయిన కొత్తలో. రోజంతా అరిచి అరిచి నా గొంతు పూర్తిగా పోయింది. ఉప్పు నీళ్ళు చేతికిచ్చి నువ్వే అన్నావు, ‘ఇంటికొచ్చాక ఒక్క మాట మాట్లాడొద్దు, ఊఁ అనండి చాలు, నాకు అర్థమవుతుంది’ అని. అప్పట్నించీ రోజూ నీళ్ళు ఇస్తూనే ఉన్నావు. నేను ఊఁ అంటూనే ఉన్నాను.”

ఆవిడకి బుర్ర తిరిగిపోయింది. వెలిసిపోయిన చీరలాంటి ఆ పాత సాయంత్రం నెమ్మదిగా గుర్తుకొచ్చింది. కొత్త కాపురం, బొంగురు గొంతు మొగుడు, జాలితో తను కలిపిన ఉప్పు నీళ్ళు.

“ఓరి దేవుడా! అది ఆ వారానికి చెప్పాను!”

“ఎన్నాళ్ళన్నది చెప్పలేదు నువ్వు. ఆర్డరు రద్దు కాలేదు.”

“కౌంటర్లో అంతమందికి అన్నీ విడమర్చి చెప్పేవారు, నన్ను ఒక్కసారి అడగలేకపోయారా?”

ఎంక్వైరీగారు తల వంచుకున్నారు. ఈసారి మాట కన్నంలోంచి చాలా మెల్లగా వచ్చింది.

“వీళ్ళకి చెప్పడం తేలికే. జవాబు తీసుకుని వెళ్ళిపోతారు. నువ్వు వెళ్ళవు. నీకు తప్పు చెప్తే ఎలాగని మొదట్లో భయపడ్డాను. తర్వాత ఊఁ అలవాటైపోయింది. తప్పు నాదే. ఆర్డరుదేం లేదు.”

ఆవిడకి కోపం రావాలి. రావలసినంత వచ్చింది కూడా. కానీ ముప్ఫై మూడేళ్ళు తన మాట జవదాటని మొగుడు, అదీ ఇలాంటి మాట! ఏడుపులోంచే నవ్వు తన్నుకొచ్చింది. పలక మీద తల ఆనించి నవ్వింది, ఏడ్చింది, మళ్ళీ నవ్వింది.

“ఆ ఆర్డరు ఇవాళ్టితో రద్దు,” అంది. “బయటికి రండి.”

ఆయన కంగారుగా లేచి, చెక్క అడ్డానికి మోకాలు కొట్టుకుని, కుంటుకుంటూ ఇవతలికొచ్చి బెంచీ మీద ఆవిడ పక్కన కూర్చున్నారు. ఆ బెంచీ మీద ఆయన కూర్చోవడం అదే మొదటిసారి. ఇటునుంచి చూస్తే ఆ అద్దం, ఆ నీలం గోడ ఎంత దరిద్రంగా ఉన్నాయో అప్పుడు తెలిసింది.

“ఇది అచ్చం మా ఆఫీసులా ఉందేమిటే!” అన్నారు ఆశ్చర్యపోతూ.

“ఇప్పుడు కనపడిందా మహానుభావా!”

“సార్, మరి నా సంగతో?” అంది బుట్టావిడ.

“కౌంటర్ మూసేశామమ్మా.”

“పాపం, చెప్పి పంపించండి,” అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ. “ఆ తర్వాత గ్యాస్ బండ సంగతి నాకు చెబుదురుగాని.”

మర్నాడే వడ్రంగి వచ్చాడు. అద్దం ఊడదీశాడు. పలకకి నాలుగు కాళ్ళు బిగిస్తే చిన్న బల్ల అయింది. బెంచీ పెరట్లోకి పోయింది. గోడలకి లేత పసుపు పడింది, స్తంభం మొదట్లో తీగ నాటారు. బల్లకి అటూ ఇటూ రెండు కుర్చీలు వచ్చాయి, ఎదురెదురుగా. మరచిపోయి మెట్లెక్కిన ఒకరిద్దర్ని ఆవిడే దారి చెప్పి పంపించింది.

ఎంక్వైరీగారు మొదలుపెట్టారు. ఆగలేదు. బండ సంగతి, పక్కింటి గోడ సంగతి, ఏ తుఫానులో ఏ రైలు ఎక్కడ ఆగిపోయిందో ఆ సంగతి, కూతురు పుట్టిన నాడు కౌంటర్లో కూర్చుని తాను ఎంతమందికి తప్పు ప్లాట్‌ఫారం చెప్పారో ఆ సంగతి. ఆవిడ బుగ్గన చెయ్యి పెట్టుకుని వింటూ మధ్యమధ్య ‘ఊఁ’ అనేది.

వారం తిరిగేసరికి ఆయన గొంతు పూర్తిగా బొంగురుపోయింది. ఆరు కొట్టగానే ఆవిడ ఉప్పు నీళ్ళ గ్లాసు పట్టుకుని వరండాలోకి వచ్చింది. చేతికిచ్చి, “ఇవాళ్టికింక మాట్లా...” అనబోయి చప్పున నాలిక కరుచుకుంది.

“నిదానంగా చెప్పండి,” అంటూ తన కుర్చీ కాస్త ఆయన దగ్గరికి జరుపుకుంది.