పూడ్చని గుంట

ఉప్పురేవు రాజ్యంలో మనుషులు చల్లబడిపోతున్నారు. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, ఒళ్ళు మాత్రం రాయిలా బిగుసుకుపోతుంది. అలా ఏడుగురు పడ్డారు. ఎనిమిదో మనిషి, వలలు అల్లే సింహాలి తల్లి ఎర్రమ్మ. అమావాస్య పోటు పూర్తిగా నిండేలోగా ఒంట్లోకి వేడి రాకపోతే ఊపిరి కూడా ఆగుతుందని వైద్యుడు చెప్పి వెళ్ళిపోయాడు. అంతకు మించి అతను చేసిందేమీ లేదు.

మొగలి అడవి దాటితే ఆవిరి తీరం. అక్కడ ఆటు వేళ, సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, ఇసుక తవ్వితే ఉడుకునీరు ఊరుతుంది. ఎవరు తవ్విన గుంటను వాళ్ళే పూడ్చి రావాలి. అది ఆ తీరపు కట్టుబాటు. సింహాలి కడవ ఎత్తుకుని బయలుదేరింది.

అడవి చివర, ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగలో, బండంత పీత దారికి అడ్డం పడింది.

"ఏటే పిల్లా, తానానికా?"

"మాయమ్మకి ఉడుకునీళ్ళు పట్టుకెళ్ళాల. తప్పుకో తాతా."

"గుంట పూడుస్తావా మరి?"

"పూడుస్తాను. ఒట్టు."

"రాజు కూడా ఒట్టేసినాడు" అని పీత పక్కకు జరిగింది.

తీరంలో పక్షి లేదు. అల చప్పుడు లేదు. ఇసుక మధ్య నల్లటి గుంట నోరు తెరుచుకుని ఉంది. దాని చుట్టూ రాజుగారు తన స్నానానికి కట్టించుకున్న పాలరాతి మెట్లు. సింహాలి మూడుచోట్ల తవ్వింది. మూడుచోట్లా చన్నీళ్ళే వచ్చాయి. తవ్వినవన్నీ పూడ్చింది.

అప్పుడు నల్లగుంటలోంచి ఆవిరి లేచి ఆడమనిషి రూపు కట్టింది.

"ఈ తీరాన్ని నేనే. నా వేడంతా ఇందులోంచి కారిపోతోంది. అందుకే మనుషుల వేడి తీసుకుంటున్నాను" అంది.

సింహాలి గుంటలోకి ఇసుక తోసింది. అరచేతులు బొబ్బలెక్కాయి. ఎంత తోసినా గుంట మింగేసింది.

ఆవిరి మనిషి నవ్వింది. "ఇది నువ్వు తవ్వావా? తవ్విన చేతులే పూడ్చాలి."

సింహాలి ఖాళీ కడవతో సభకు వెళ్ళి, గుంట పూడ్చడానికి రమ్మని రాజును అడిగింది. రాజు వీరకేతుడు ముఖం చిట్లించాడు.

"రాజు చేతులు మట్టి ముట్టవు. అర్ధరాజ్యం ఇస్తాను, ఇంకెవరినైనా తీసుకుపో."

"తవ్వినప్పుడు ముట్టినాయి కదా మారాజా? తొలి పార నువ్వే ఏసినావు. మేళం కూడా పెట్టించినావు."

పడిపోయిన ఏడుగురి ఇళ్ళవాళ్ళూ సభలోంచి లేచి, రాజును పల్లకీలో కూర్చోబెట్టి, తీరానికి మోసుకుపోయారు.

అమావాస్య పోటు మొదలైంది. రాజు మొదటి దోసిలికి అరిచాడు. పదో దోసిలికి అరుపు ఆగింది. నీరు పాలరాతిని తాకే సమయానికి గుంట పూడింది. ఆవిరి అణిగింది.

సింహాలి పక్కన తవ్వింది. ఉడుకునీరు పొంగింది. కడవ నింపుకుంది. అల మోకాళ్ళకు తగులుతున్నా, ఆ గుంట పూడ్చాకే కదిలింది.

పోటు నిండకముందే ఇల్లు చేరి, తల్లి పాదాల మీద నీళ్ళు పోసింది. ఎర్రమ్మ కళ్ళు తెరిచింది.

"చేతులకి ఏటైనాదే?" అని కేకలేసింది.

మిగిలిన నీళ్ళతో ఆ ఏడుగురూ లేచారు. జనం సింహాలినే సింహాసనం మీద కూర్చోబెట్టారు. ఆమె చల్లగా ఏలింది. వీరకేతుడు మాత్రం ప్రతి ఆటుకూ తీరానికి పోయి, ఆ గుంట మీద ఇసుక సర్ది వస్తాడు. ముసలివాడయ్యాడు, ఇక అతన్ని వదిలేయమని చాలామంది సింహాలిని అడిగారు. ఆమె బొబ్బల మచ్చలున్న తన అరచేతులు చూపించి, కుదరదంది.