ఐదో చోటు

రాజోలులో ఆ సాయంత్రం వాన ఆగి ఆగి పడుతోంది. తడిసిన కొబ్బరి పీచు డొక్కల వాసన వరండా దాకా వస్తోంది. వంటింట్లో కూతురు బిందు చేపల పులుసు కలుపుతూ ఏదో కూనిరాగం తీస్తోంది. పక్కగదిలో అత్తగారు మరియమ్మ మంచంమీద దగ్గుతున్నారు. రాహేలు మాత్రం కూర్చోలేకపోతోంది. లేస్తుంది, గేటు వైపు చూస్తుంది, మళ్లీ కూర్చుంటుంది.

కొడుకు జాషువా కంప్యూటర్ ముందున్నాడు. షేర్ల పాత ధరలన్నీ అందులో పోసి, తన పద్ధతిలో కొని ఉంటే ఏమయ్యేదో చూసుకోవడం వాడి పని. ఒకేసారి ఎన్ని కంపెనీల షేర్లు చేతిలో ఉండొచ్చో ముందే హద్దు పెట్టాలిట. మొదట్లో, "ఎన్ని పెట్టమంటావమ్మా?" అని అడిగేడు.

"ఇంట్లో ఎంతమందిమో అన్ని పెట్టు. నలుగురం. చాలు," అంది రాహేలు. నవ్వుకుంటూ అలాగే పెట్టేడు.

హద్దు నిండిపోయి కొనలేకపోయినవి విడిగా ఒక పట్టికలో పడతాయి. ఈమధ్య ఆ పట్టిక చివర ఒక వరుస వస్తోంది. షేరు పేరుండదు. కారణం దగ్గర ‘చోటు లేదు’ అని మాత్రం ఉంటుంది. మిగతా తేదీలన్నీ పాతవే. ఆ వరుసది మాత్రం ఆ రోజు తేదీ. అది పడ్డప్పుడల్లా వీధి గేటు కిర్రుమంటుంది. వెళ్లి చూస్తే ఎవరూ ఉండరు.

"ఐదు పెట్టి చూస్తానమ్మా. ఏం పోగొట్టుకుంటున్నామో తెలియాలిగా."

"వద్దురా."

"భలేదానివే! లెక్కల టీచరువి, అంకెకి భయపడతావేంటి?"

నొక్కేడు.

గేటు కిర్రుమంది. ఈసారి మూసుకుంది కూడా. లోపల్నుంచి గడియ పడింది...

వరండాలో తడికాళ్ల చప్పుడు. ఏటి ఒండ్రు వాసన. హాలు దాటి... వంటింటి వైపు.

పట్టికలో ఆ వరుస లేదు.

"నాలుగు పెట్టేయ్," అంది రాహేలు. "పెట్టేయరా... తొందరగా!"

వాడు పెట్టేడు. చివర ఒక వరుస మళ్లీ వచ్చింది. చోటు లేదు.

"హమ్మయ్య, పోయిందమ్మా."

ఈసారి పేరు గడిలో ఏదో ఉంది. రాహేలు చదివేలోగా కరెంటు పోయింది.

వంటింట్లోంచి మెత్తటి గొంతు. "అమ్మా, దీపం తేనా?"

"తేవే, లిడియా," అన్నాడు జాషువా, మామూలుగా.

రాహేలు వాడి వైపు తిరిగింది. "లిడియా ఎవర్రా?"

"బాగుంది. చెల్లినే మర్చిపోయేవా?"

పక్కగదిలో అత్తగారు నవ్వేరు. "కన్నకూతురి పేరు అడుగుతావేంటమ్మాయ్!"

గేటు అవతల, వానలో, ఎవరో ఇనుప చువ్వలు కొడుతున్నారు. "అమ్మా... గడియ తియ్యమ్మా... నేనమ్మా..."

ఆ గొంతు రాహేలుకి తెలుసు. ఉయ్యాల్లో ఏడ్చినప్పట్నుంచీ తెలుసు.

దీపం వెలుగు హాల్లోకి వచ్చేస్తోంది.

రాహేలు కిటికీ దగ్గరికి పరిగెత్తింది. ఊచలు పట్టుకుని, కూతుర్ని పిలవడానికి నోరు తెరిచింది.

పేరు రాలేదు.