నొప్పికి సాక్షి

కాకినాడలో ఇప్పుడు ఆడవాళ్ల నొప్పికి రంగు ఉంది. మణికట్టుకు కట్టుకునే సన్నని పట్టీ దాన్ని చూపిస్తుంది. ఆకుపచ్చగా ఉంటే ఫరవాలేదు. ఎర్రబడితే లోపల మంట రేగుతోందని అర్థం. అంతకుముందు ఆ నొప్పి గురించి అందరూ అనేది ఒకటే మాట: "అందరికీ ఉండేదే."

పట్టీని తయారుచేసింది డాక్టర్ మృణాళిని. అందులో బ్రహ్మవిద్యేమీ లేదు. ఎండోమెట్రియోసిస్ అనే జబ్బులో గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం బయట, అండాశయాల మీదా పేగుల మీదా పాతుకుంటుంది. రోగనిరోధక కణాలు దాని మీదికి యుద్ధానికి వెళ్లి లోపలి మంటకు గుర్తులైన ఇంటర్‌ల్యూకిన్-6 వంటి ఇన్‌ఫ్లమేషన్ మార్కర్లను వదులుతాయి. చెమటలోకి చేరిన ఆ మార్కర్లను పట్టీలోని సెన్సర్ కొలుస్తుంది.

పట్టీని మొదట కట్టుకున్నవాళ్లలో సత్యవేణి ఒకతి. అత్త రాఘవమ్మతో కలిసి జగన్నాథపురంలో టిఫిన్ హోటల్ నడుపుతుంది. పెళ్లయిన దగ్గర్నుంచీ పొయ్యి ముందు మెలికలు తిరుగుతూనే పెసరట్లు వేసింది. అత్త దాన్ని పనిదొంగ నొప్పి అనేది. పట్టీ మొదటిసారి ఎర్రబడిన పొద్దున రాఘవమ్మ దాన్ని చాలాసేపు చూసి, కోడలి చేతిలోంచి అట్లకాడ తీసుకుంది. "పోయి పడుకోమ్మా" అంది. సత్యవేణి పడుకుని ఏడ్చింది, కానీ నొప్పికి కాదు. ఆనాటి నుంచి ఆ ఇంట్లో అదే రివాజు. ఎర్రగా ఉంటే అట్లకాడ అత్తది, ఆకుపచ్చగా ఉంటే కోడలిది.

మృణాళిని ఇచ్చిన మాత్రలు బాగా పనిచేశాయి. జబ్బు వల్ల అండాశయం మీద పెరిగిన గడ్డ చిన్నదైంది, మార్కర్లు దిగాయి, పట్టీ ఆకుపచ్చకు తిరిగింది. నొప్పి మాత్రం ఎక్కడికీ పోలేదు.

అత్తాకోడళ్లిద్దరూ క్లినిక్‌కి వచ్చారు.

"ఏళ్ల తరబడి మంటలో మగ్గిన నరాలండీ అవి. మంట ఆరినా ఊరుకోవు. పట్టీకి మంట తెలుస్తుంది గానీ నొప్పి తెలియదు రాఘవమ్మ గారూ" అంది మృణాళిని.

"అదేంటండి డాక్టరు గారూ. ఎర్రబడితేనే నొప్పని మీరే కదండీ చెప్పారు? ఇన్నేళ్లూ దీని మాట నమ్మలేదు, తప్పే. మీ మిషనొచ్చి చెప్తే నమ్మాను. ఇప్పుడు మిషన్నీ నమ్మొద్దంటే నేనెవర్ని నమ్మాలండి?"

ఆ గొంతులో వెటకారం లేదు.

అత్త బయటికి వెళ్లాక సత్యవేణి నెమ్మదిగా అడిగింది. "నాది ఒక్కటీ ఎర్రగా ఉండేలా చెయ్యలేరాండి?"

"చెయ్యగలను. కానీ ఒక్క పట్టీ అబద్ధమాడిందని తెలిసిందంటే ఊళ్లో ఏ ఆడదాని పట్టీనీ ఎవరూ నమ్మరు సత్యవేణీ."

"పోన్లెండి" అంది సత్యవేణి. ఆ మాట మృణాళినిని చాలా రోజులు కుదురుగా ఉండనివ్వలేదు.

వానాకాలంలో మళ్లీ వచ్చినప్పుడు సత్యవేణి పట్టీ ఎర్రగా ఉంది. స్కాన్‌లో గడ్డ మునుపటికంటే పెద్దదైంది. మృణాళిని అడగకముందే సత్యవేణి చెప్పేసింది.

"మాత్రలు మానేశానండి. నొప్పి అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఇప్పుడైతే కూర్చోనిస్తున్నారు."

"గడ్డ పెరిగిపోతోంది. అండాశయమే తీసెయ్యాల్సి రావచ్చు."

"తెలుసండి. అత్తయ్యకి చెప్పకండి."

మృణాళినికి కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక స్కాన్ ఫిల్మును కవర్లో పెట్టింది. తను మందూ కనిపెట్టలేదు, నొప్పినీ కనిపెట్టలేదు. కనిపెట్టిందల్లా ఒక సాక్షిని. ఈ పిల్ల ఇప్పుడు దాన్ని మేపడానికి జబ్బును పెంచుకుంటోంది.

బయట కూర్చున్న రాఘవమ్మ ఫ్లాస్కుతో లోపలికొచ్చి వేడినీళ్లు గ్లాసులో పోసి కోడలికిచ్చింది. చల్లారిందేమోనని ముందు తనే వేలితో చూసుకుంది.

"ఏం తేడా చేసిందో మళ్లీ మొదలైందండి దీనికి. మాత్రలు వేస్తే మునుపట్లా ఆకుపచ్చ అయిపోద్దా డాక్టరు గారూ?"

సత్యవేణి గ్లాసు పట్టుకుని డాక్టరు మొహంలోకే చూస్తోంది.

"అవుతుందండీ" అంది మృణాళిని.

"అయితే ఇక రోజూ దగ్గరుండి నేనే మింగిస్తాను" అంది రాఘవమ్మ, కోడలి తల నిమురుతూ.